బరంపురం వైపు పాత ఇళ్లలో వంటగదిని బాగుచేయించుకోవడం: సమగ్ర మార్గదర్శి

వీధివైపు అరుగు, దాని వెనుక సావడి, ఆ తరువాత నడిమి గది, చిట్టచివర పెరటికి ఆనుకొని వంటిల్లు. ఒడిశాలోని బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ మన తెలుగువాళ్ల పాత ఇళ్లు నేను చూసినంతలో చాలావరకు ఈ వరుసలోనే ఉన్నాయి. రెండు పక్కలా పొరుగువారితో ఉమ్మడి గోడలు ఉండటం వల్ల వెలుతురు వీధి నుంచి గాని, పెరటి నుంచి గాని రావలసిందే. కట్టెల పొయ్యి నాటి ఆ వంటింట్లోకి తరువాత గ్యాసు వచ్చింది, మిక్సీ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, నీళ్లు శుద్ధిచేసే యంత్రం వచ్చింది. గది మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక్క ప్లగ్గుకు మూడు సామాన్లు వేలాడుతుంటాయి, గట్టు నడుముకు అందదు, సింకు కింద ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది.

మా ఇంట్లో ఒకసారి, పర్లాకిమిడిలో మా అక్కగారింట్లో ఒకసారి, రాయగడలో మా మేనమామగారింట్లో ఒకసారి ఈ పని దగ్గరుండి చేయించాను. మొదటిసారి చేసిన తప్పులే మిగిలిన రెండుసార్లూ దారి చూపించాయి. అన్నిటికంటే పెద్ద తప్పు అల్మారాల రంగుతో పని మొదలుపెట్టడం. పాత వంటింట్లో ముందు తేలవలసినవి నీరు, పొగ, కరెంటు తీగ. ఈ మూడింటికీ దారి కుదిరాక అల్మారా ఏ రంగుదైనా ఆ గది ఇరవై ఏళ్లు నిలుస్తుంది.

ముందుగా ఒక వారం గమనించండి

మేస్త్రిని పిలవకముందే ఒక వారం రోజులు వంటింట్లో జరిగేదంతా కాగితం మీద రాసుకోవాలి. పొద్దున ఎవరు ముందు లోపలికి వస్తారు, ఒకేసారి ఎంతమంది పనిచేస్తారు, కూరలు ఎక్కడ కూర్చుని తరుగుతారు, అంట్లు ఎక్కడ పడతాయి, బియ్యం డబ్బా ఎక్కడుంది, అది తీయడానికి ఎన్నిసార్లు వంగుతున్నారు వంటివన్నీ అందులో ఉండాలి. ఈ కాగితాన్ని ఆ ఇంట్లో రోజూ వండేవారే రాయాలని నా గట్టి అభిప్రాయం. ఖర్చు పెట్టేవారు ఒకరు, వండేవారు మరొకరు అయిన ఇళ్లలో, నిర్ణయాలన్నీ డబ్బు చేతిలో ఉన్నవారే తీసుకొని, ఆ తరువాత ఏళ్ల తరబడి నడుము నొప్పి మాత్రం వండేవారికి మిగల్చడం నేను కళ్లారా చూశాను.

మన ప్రాంతంలో ఈ కాగితం మీదికి తప్పకుండా రావలసినది కత్తిపీట. ఒడియావారింట్లో దాన్నే ‘పనికి’ అంటారు. మా అక్కగారి అత్తగారు ఇప్పటికీ పనసపొట్టు నేల మీద కూర్చునే కొడతారు, చేపలు పెరటి గట్టు మీద కత్తిపీటతోనే కోస్తారు. అటువంటి పెద్దవారున్న ఇంట్లో నాలుగు వైపులా గట్లు కట్టేసి మధ్యలో సన్నని దారి మాత్రమే మిగిల్చితే ఆ మనిషికి వంటింట్లో చోటు లేకుండా చేసినట్టే. కనీసం నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు నేల ఖాళీగా ఉంచి, అక్కడ వెలుతురు పడేలా చూడాలి. అలాగే జాడీల లెక్క తీయండి. ఆవకాయ, మాగాయ, ఉసిరి, చింతకాయ తొక్కు జాడీలు ఎన్ని ఉన్నాయో, వాటిలో పెద్దదాని ఎత్తెంతో కొలిచిపెట్టుకోకపోతే కొత్త అల్మారాలన్నీ వచ్చాక జాడీలు మళ్లీ మంచం కిందికే చేరతాయి.

ముగ్గుపిండితో నేల మీద గీయండి

కంప్యూటరు బొమ్మలు అందంగానే ఉంటాయి గాని, వాటిని చూసి నాలుగడుగులంటే ఎంతో మన శరీరానికి తెలియదు. అందుకే నేను ఖాళీ చేసిన గదిలో ముగ్గుపిండితో అసలు కొలతలకే గట్లూ సింకూ ఫ్రిజ్జూ గీయిస్తాను. ఆ గీతల మధ్య ఒక రోజంతా నడవండి. ఒకరు పొయ్యి దగ్గర నిలబడగా, మరొకరు వెనుక నుంచి నిండు బిందెతో వెళ్లగలుగుతున్నారేమో చూడండి. ఎనిమిది అడుగుల వెడల్పున్న గదిలో రెండు వైపులా రెండేసి అడుగుల గట్లు కడితే మధ్యలో నాలుగడుగులు మిగులుతాయి, అది హాయిగా సరిపోతుంది. ఏడడుగుల గదిలో మూడే మిగులుతాయి కాబట్టి ఒక వైపు గట్టును ఒకటిన్నర అడుగులకు తగ్గించడం మేలు. అంతకన్నా ఇరుకైన గదిలో ఒక వైపు గట్టుతోనే సరిపెట్టుకొని, ఎదుటి గోడకు తొమ్మిది అంగుళాల లోతు అరలు వేసుకోవాలి.

గట్టు ఎత్తును కూడా ఇలాగే పరీక్షించాలి. దుకాణాల్లో చెప్పే 34 అంగుళాలు అందరికీ పనికిరావు. వండేవారు నిటారుగా నిలబడి మోచేతిని మడిచినప్పుడు, మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కిందికి తరిగే గట్టు ఉండాలి. అయిదడుగుల మనిషికి ఇది దాదాపు 32 అంగుళాల దగ్గర కుదురుతుంది. పొయ్యి ఎత్తు మరో నాలుగంగుళాలు, దాని మీద అన్నం గిన్నె ఎత్తు ఇంకొంత కలుస్తాయి కాబట్టి, పెద్ద గిన్నెలతో వండే ఇంట్లో పొయ్యి ఉండే భాగాన్ని రెండు, మూడు అంగుళాలు కిందికి దించితే గిన్నెలోకి తొంగి చూడటానికి మడమలెత్తవలసిన అవసరం ఉండదు. ఇటుకలు పేర్చి వాటి మీద పలక వేసి, ఆ ఎత్తున రెండు రోజులు నిజంగానే కూరలు తరిగించండి. తడి గ్రైండరు బరువైనది, దాన్ని గట్టు ఎక్కించి దించడం కష్టం. ఒక మూల అడుగున్నర ఎత్తులో దానికొక దిమ్మె కట్టించి, పక్కనే ప్లగ్గు, కింద నీరు పోయే దారి పెట్టించుకుంటే పండుగ రోజుల్లో దాని విలువ తెలుస్తుంది.

ఆగ్నేయం విషయం కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. పొయ్యి ఆగ్నేయ మూల ఉండాలని, వండేవారు తూర్పు ముఖంగా నిలబడాలని ఇంట్లో పెద్దలు కోరితే, ముగ్గు గీతలు చెరిపి మళ్లీ గీయడానికి ఖర్చేమీ ఉండదు. గోడలో గొట్టాలు వేశాక కోరితే మాత్రం అంతా పగలగొట్టవలసి వస్తుంది. ఉమ్మడి గోడల ఇంట్లో వంటిల్లే ఆ దిక్కున లేనప్పుడు, ఉన్న గదిలోనే ఆగ్నేయ మూలను పొయ్యికి వదిలి సర్దుకునే ఇళ్లే ఎక్కువ.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మన తీరానికి అక్టోబరు భయం తెలిసిందే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. పెంకులు దించిన పైకప్పుతో, తవ్విన నేలతో ఆ నెలలో ఉండటం ఎవరికీ మంచిది కాదు. వానాకాలంలో పూత ఆరదు, చెక్క చెమ్మ పీలుస్తుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు నాలుగు నెలలే అన్నివిధాలా అనువైనవి. అందులో పుష్యమాసం శూన్యమాసమని మొదలుపెట్టడానికి ఒప్పుకోని ఇళ్లలో, అంతకుముందే ఒక ఇటుక కదిపించి పని ఆరంభమైందనిపించుకోవడం నేను చూశాను. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర వచ్చిన ఏడు, ఆ వారాల్లో ఇంటినిండా చుట్టాలుంటారు కాబట్టి వంటిల్లు విప్పి పెట్టుకోకూడదు. జూన్ మధ్యలో వచ్చే రొజొ పండుగ మూడు రోజులూ ఒడియావారు భూమిని తవ్వరు. పనివారిలో వారుంటే ఆ రోజులు సెలవుగా ముందే లెక్కలో వేసుకోవడం మర్యాద.

పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న వంటింటికి నా అనుభవంలో అయిదారు వారాలు పట్టింది. అన్నాళ్లూ నడిమి గదిలో తాత్కాలికంగా వండుకోవాలి. అక్కడ గ్యాసు బండ పెడితే అది నిలువుగానే ఉండాలి, పొయ్యి బండకన్నా ఎత్తున ఉండాలి, వీధి తలుపో కిటికీయో తెరిచే ఉండాలి. అనుకున్న ఖర్చులో ఆరో వంతు పక్కన పెట్టి, దాన్ని ముట్టుకోకుండా పని మొదలుపెట్టండి. పాత గోడ విప్పితే ఏం బయటపడుతుందో ముందే ఎవరూ చెప్పలేరు.

విప్పడం

పగలగొట్టడానికి ముందు దాచవలసినవి దాచాలి. టేకు తలుపు రెక్కలు, పాత గూళ్ల చట్రాలు, రుబ్బురోలు, సన్నికల్లు, నాపరాళ్లు ఇప్పుడు కొనాలంటే అదే నాణ్యత దొరకదు. మా ఇంటి పాత తలుపు రెక్కలే ఇప్పుడు సరుకుల అల్మారా తలుపులయ్యాయి. పెరటి వైపు కప్పిన పాత సిమెంటు రేకులు ఉంటే అవి ఆస్బెస్టాస్ రేకులు కావచ్చు. వాటిని పొడిగా కోయకూడదు, పగలగొట్టకూడదు. నీళ్లతో తడిపి, మేకులు విప్పి నిండు రేకులుగానే దించాలి. దించేవారు మూతికి మంచి మాస్కు కట్టుకోవాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరువాత ప్రాణం మీదికి తెస్తుంది.

గోడ తీసి నడిమి గదిని, వంటింటిని ఒకటి చేయాలని చాలామందికి ఉంటుంది. ఆ గోడ మీద దూలాలో వాసాలో శ్లాబో ఆనుకొని ఉంటే ఇంజనీరు చూడకుండా ఒక్క ఇటుక కదపకూడదు. కొత్తగా తలుపో కిటికీయో పెట్టాలంటే ముందు పైన లింటెల్ (పై బరువు మోసే అడ్డదూలం) వేసి, అది రెండు వైపులా కనీసం ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు గోడ మీద ఆనేలా చూసి, ఆ తరువాతే కింద ఇటుకలు తీయాలి. ఉమ్మడి గోడ మరీ సున్నితమైన విషయం. గొట్టాల కోసం దాన్ని అడ్డంగా లోతుగా గాడి కొడితే గోడ బలం సగం పోతుంది, పక్కింటివారికి చెప్పకుండా కొడితే సంబంధం కూడా పోతుంది. ఉమ్మడి గోడ మీద గొట్టాలు బయటికి కనిపించేలా క్లిప్పులతో బిగించడమే ఉత్తమం. సొంత గోడలోనైనా నిలువు గాడి గోడ మందంలో మూడో వంతుకు మించకూడదు.

చెమ్మ గోడ: నేను దెబ్బతిన్నది ఇక్కడే

పాత ఇళ్ల గోడలు మట్టి అడుసుతోనో గానుగ సున్నంతోనో కట్టినవి. వాటికింద నేటి ఇళ్లలో మాదిరి చెమ్మను ఆపే పొర ఉండదు. నేల నుంచి నీరు ఇటుకల గుండా పైకి పాకుతుంది, కొంత ఎత్తుకు వచ్చాక సున్నపు పూత గుండా నెమ్మదిగా గాలిలోకి ఆరిపోతుంది. గోడ ఊపిరి పీలుస్తుందని పెద్దలు అనేది దీన్ని గురించే. మా ఇంట్లో మేస్త్రి ఆ సున్నం అంతా చెక్కేసి, గట్టిగా ఉంటుందని సిమెంటు ఎక్కువ కలిపి పూత వేశాడు, దాని మీద పలకలు అంటించాడు. నేనూ చూస్తూ మెచ్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి పలకల వరుసకు పైన, అటకకు దగ్గరగా, అంతకుముందెన్నడూ లేనిచోట తెల్లని ఉప్పు పొక్కులు లేచాయి. కింద దారి మూసేసరికి నీరు ఇంకా పైకి పాకి, అక్కడ ఆరుతూ తనతో తెచ్చిన లవణాలను వదిలింది. అదంతా విప్పించి మళ్లీ వేయించడానికి మొదటి ఖర్చుకు రెట్టింపు అయింది.

కాబట్టి ముందు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవాలి. ఒక అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులా టేపుతో గాలి చొరబడకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం లోపలి వైపు, అంటే గోడ వైపు తడి పడితే చెమ్మ గోడలోంచే వస్తున్నట్టు. గది వైపు తడి ఉంటే అది వంట ఆవిరి, దానికి మందు గాలి ఆడేలా చేయడమే. గోడలోంచి వస్తుంటే పెరటి వైపు నేల మట్టం చూడండి. ఏళ్ల తరబడి మట్టి, గచ్చు మీద గచ్చు పడి, పెరడు వంటింటి నేలకన్నా ఎత్తయి ఉంటుంది. ఆ మట్టిని ఆరు అంగుళాలు కిందికి దించి, వాన నీరు గోడకు దూరంగా పోయేలా వాలు ఇస్తే సగం చెమ్మ అక్కడే పోతుంది. చూరు నీరు గోడ మొదట్లో పడకుండా తగరపు కాలువ కట్టించడం మరో పని.

సున్నపు గోడకు సున్నపు పూతే వేయించాలి. సున్నం, ఇసుక కలిపి నానబెట్టి, పలుచని పొరలుగా, ఒక పొర ఆరాక మరో పొరగా వేయాలి. పూర్వం దానిలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. తెలిసిన ముసలి మేస్త్రులు పర్లాకిమిడి చుట్టుపక్కల ఇంకా కనిపిస్తారు. వారు దొరికితే రెండు వారాలు ఆలస్యమైనా ఆగండి. సున్నపు గోడకు పలకలు తప్పనిసరైన చోట, అంటే పొయ్యి వెనుక, సింకు వెనుక, రెండడుగుల ఎత్తుకే పరిమితం చేసి, పైన సున్నం వేసి వదిలేయడం మేలు. సిమెంటుతో కట్టిన గోడలకు ఈ చిక్కు లేదు. అక్కడ మామూలు పూత వేసి, కనీసం ఏడు రోజులు తడుపుతూ ఉంటే చాలు.

నీరు పోయే దారి

మన పాత వంటిళ్లలో నీరు గోడ అడుగున ఉన్న తూములోంచి పెరటి కాలువలోకి పోయేది. ఎలుకలు, బొద్దింకలు, ఒక్కొక్కసారి పాములు కూడా అదే దారిన వస్తాయి. తూము మూసి, సింకుకు రెండంగుళాల గొట్టం, నేల కడిగిన నీటికి మూడంగుళాల గొట్టం, రెండింటికీ ట్రాపులు (నీరు నిలిచి, కింది నుంచి పురుగూ వాసనా రానివ్వని వంపులు) పెట్టించాలి. నలభైకి ఒకటి చొప్పున వాలు ఉండాలి, అంటే పదడుగుల గొట్టానికి మూడంగుళాల దిగుడు. మలుపు ఉన్న ప్రతిచోటా మూత తీసి శుభ్రం చేసే వీలుండాలి. వేపుళ్ల నూనె గొట్టంలో గడ్డకడుతుంది కాబట్టి పెరటి గోడ దగ్గర ఒకటిన్నర అడుగుల చిన్న ఛాంబరు కట్టి, నెలకోసారి తేలిన జిడ్డు తీసేయడం అలవాటు చేసుకోవాలి.

తుప్పు పట్టిన పాత ఇనుప గొట్టాలను అక్కడక్కడ అతికించడం డబ్బు దండగ, వాటిని పూర్తిగా తీసి సీపీవీసీ ప్లాస్టిక్ గొట్టాలు వేయించండి. గోడ మూసేముందు అన్ని చివర్లూ బిగించి, నీరు నింపి, ఒత్తిడి పెట్టి ఒక రాత్రంతా ఉంచాలి. పొద్దున్నే ప్రతి అతుకునూ పొడి గుడ్డతో తుడిచి చూడాలి. ఆ తరువాత టేపు కొలత పక్కన పెట్టి ప్రతి గోడకూ ఫోటో తీసుకోండి. పదేళ్ల తరువాత మేకు కొట్టవలసి వచ్చినప్పుడు ఆ ఫోటోలే గొట్టాన్ని కాపాడతాయి.

పెరటిలో తొట్టి ఉంటే దయచేసి తీసేయకండి. అంట్లలో సగం అక్కడ తోమితే వంటింట్లో తడి సగానికి తగ్గుతుంది. ముసలివాళ్లు వంగకుండా, నిలబడి తోముకునేలా అక్కడ నడుమెత్తు గట్టు, పైన రేకు, ఒక దీపం పెట్టించండి. నుయ్యి ఉంటే దాన్ని పూడ్చకండి. తిత్లీ తరువాత కరెంటు లేని రోజుల్లో మా అక్కగారి వీధి మొత్తం ఒక్క నూతి నీళ్లతోనే గడిపింది.

కరెంటు

ఈ పొడవాటి ఇళ్లలో మీటరు వీధి అరుగు దగ్గర, వంటిల్లు అరవై, డెబ్బై అడుగుల వెనుక ఉంటాయి. మధ్య గదుల తీగకే అతుకులు వేసుకుంటూ వంటింటి దాకా లాక్కొచ్చి ఉంటారు. దాని మీద 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెడితే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అతుకుల దగ్గర తీగ వేడెక్కుతుంది. అందువల్ల మీటరు నుంచి వంటింటికి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసి, వంటింట్లోనే ఒక చిన్న బోర్డు పెట్టించాలి. ఆ బోర్డులో ఫ్రిజ్‌కు, పెద్ద సామాన్ల 16 ఆంపియర్ల ప్లగ్గులకు, చిన్న ప్లగ్గులకు, దీపాలకు వేరువేరు ఎంసీబీలు (కరెంటు మితిమీరితే తామే పడిపోయే మీటలు) ఉండాలి. అన్నిటికీ కలిపి, కరెంటు ఒంటిలోకో నేలలోకో కారితే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి ఉండాలి. తడి చేత్తో మిక్సీ ముట్టుకునే చోట ప్రాణం నిలిపేది ఇదే కాబట్టి ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే మరెక్కడైనా తగ్గించుకోండి. పెద్ద ప్లగ్గుల దాకా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, దీపాలకు 1.5 సరిపోతాయి. తీగకైనా స్విచ్‌కైనా ఐఎస్ఐ ముద్ర చూసి కొనండి. చాలా పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గాని దాని వెనుక ఎర్తు తీగ ఉండదు. పెరటిలో కొత్తగా ఎర్తు గొయ్యి వేయించి, కొలిపించి చూసుకోవాలి. మంజూరైన లోడు చాలకపోతే పెంచమని విద్యుత్ పంపిణీ సంస్థకు ముందే దరఖాస్తు ఇవ్వడం మరచిపోకండి.

తుఫాను తరువాత కరెంటు రావడానికి కొన్ని రోజులు పట్టే ప్రాంతం మనది. కరెంటు పొయ్యి ఎంత బాగున్నా గ్యాసు పొయ్యి తీసేయకూడదు. దాచిన సన్నికల్లు విలువ కూడా ఆ రోజుల్లోనే తెలుస్తుంది.

పొగ, గాలి, వెలుతురు

వంటగది కిటికీ ఒక చదరపు మీటరుకు తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. పెరటి గోడలో అంత కిటికీ పెట్టే వీలుంటే, సింకు దాని ఎదురుగా పెట్టండి. పెంకుటింటికి మరో చవకైన ఉపాయం ఉంది. నాలుగైదు మట్టి పెంకుల స్థానంలో గాజు పెంకులు వేస్తే మధ్యాహ్నం దీపం అవసరమే ఉండదు.

గోడ ఫ్యాను పెట్టేవారు గాలి లోపలికి వచ్చే దారి గురించి ఆలోచించరు. ఫ్యాను ఒక గోడ పైభాగాన ఉంటే, గాలి వచ్చే సందు దానికి ఎదుటి వైపు ఉండాలి. చిమ్నీ పెట్టదలిస్తే పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల ఎత్తున ఉండాలి. దాని గొట్టం తక్కువ మలుపులతో పెరటిలోకి పోవాలి, బయటి చివర వాన కొట్టకుండా టోపీ ఉండాలి. గొట్టం లేని రకం గాలిని వడకట్టి తిరిగి గదిలోకే వదులుతుంది. ఆవాలు, ఎండుమిరపకాయల పోపు ఘాటుకు అది ఆగదు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, కారితే నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి బండ ఉన్నచోట నేలకు దగ్గరగా, గోడ అడుగున జాలీ వేసిన సందు ఉండి తీరాలి. బండను నాలుగు వైపులా మూసిన అల్మారాలో దాచడం ఎంత అందంగా ఉన్నా ప్రమాదమే.

నేల, గట్టు, పలకలు

నేలకు గరుకు పలకలే వేయించండి, మెరిసేవి తడిలో జారతాయి. పాత గచ్చు మీదే కొత్త పలకలు వేస్తే నేల అంగుళంన్నర పైకి లేచి తలుపు గీరుకుంటుంది, పెరటి గడపతో మట్టం తేడా వస్తుంది. ముందే చూసుకోవాలి.

గట్టుకు గ్రానైటును మించినది మన వంటకు లేదు. నల్లనిదైనా, టెక్కలి వైపు దొరికే నీలి రాయైనా, 18 నుంచి 20 మిల్లీమీటర్ల మందం ఉండాలి. చింతపండు, నిమ్మరసం దాన్ని ఏమీ చేయవు. కడప రాయి సున్నపురాయి జాతిది, పులుపు తగిలితే తెల్లని మచ్చ పడుతుంది. అందుకని దాన్ని లోపలి అరలకు వాడండి, పైకి వద్దు. పాలరాయికీ ఇదే మాట. ఆంధ్ర వైపు నుంచి రాయి తెప్పించేటప్పుడు సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే బిల్లుతోపాటు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం) ఉండాలని అమ్మకందారుకు ముందే చెప్పండి, లేకపోతే బండి దారిలోనే ఆగిపోతుంది.

రాయి కోసేటప్పుడు రెండు విషయాలు పట్టుబట్టి చేయించాలి. సింకు రంధ్రానికి ముందూ వెనుకా మిగిలే సన్నని పట్టీలే విరిగేవి కాబట్టి వాటికింద ఆనుడు ఉండాలి, రాయి అతుకు అక్కడికి రాకూడదు. గట్టు ముందంచు అడుగున, అంచుకు అరంగుళం లోపల, పొడవునా సన్నని గాడి కొట్టించాలి. గట్టు మీద నుంచి జారిన నీరు ఆ గాడి దగ్గర కింద పడిపోతుంది. గాడి లేకపోతే రాయి అడుగునే పాకి అల్మారా తలుపులను తడుపుతుంది. ముందు రాయి పరిచి, ఆ తరువాత గోడ పలకలను రాయి మీద ఆనేలా దించితే అతుకులోకి నీరు దిగదు. పలకల సందుల్లో, కనీసం పొయ్యి వెనుక భాగంలోనైనా, ఎపాక్సీ గ్రౌటు (నీరు పీల్చని పూడిక) పెట్టిస్తే పసుపు మరక పట్టదు.

అల్మారాలు

గోపాల్‌పూర్ ఉప్పుగాలి బరంపురం దాకా తగులుతుంది. మామూలు ఇనుప కీళ్లు రెండు వర్షాకాలాలకే బిగుసుకుపోతాయి. కీళ్లు, సింకు, జల్లెడ బుట్టలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. ప్లైవుడ్ వాడితే సింకు కింద, నేలకు దగ్గర ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే వాడాలి, మిగిలినచోట ఐఎస్ 303లో నీటిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం సరిపోతుంది. రాయగడ, కొరాపుట్ వైపు చెదల బెడద ఎక్కువగా ఉన్న ఇళ్లలో నా సలహా వేరు: లోపలి నిలువు పలకలూ అరలూ కడప రాయితో కట్టించి, తలుపులు మాత్రం చెక్కవి వేయించండి. మేనమామగారింట్లో అలాగే చేశాం. చెదలు తలుపు చట్రం దాకా వచ్చి ఆగిపోయాయి.

కింద తలుపులకు బదులు వీలైనన్ని సొరుగులు పెట్టించండి, మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చేయి చాచవలసిన అవసరం ఉండదు. కింది అల్మారాల అడుగు భాగాన్ని నాలుగంగుళాల ఎత్తు మేర లోపలికి జరిపితే పాదాలకు చోటు దొరుకుతుంది, గట్టుకు దగ్గరగా నిలబడవచ్చు. పై అల్మారాలు గట్టుకు 20 అంగుళాల ఎత్తున, 12 అంగుళాల లోతుకు మించకుండా ఉండాలి. పొయ్యికి సరిగ్గా పైన చెక్క వద్దు. జాడీలకు సింకుకూ పొయ్యికీ దూరంగా, ఎండ పడని మూల, రాతి అర ఒకటి విడిగా కట్టించండి. అటక తీసేయకండి. పెళ్లిళ్లకూ సంక్రాంతికీ దించే పెద్ద గిన్నెలు మరెక్కడ పెడతారు?

మళ్లీ పొయ్యి వెలిగించే ముందు

రంగు ఆరాక, సామాను సర్దకముందే, సింకు నిండా నీరు పట్టి ఒక్కసారిగా వదిలి కింద ప్రతి అతుకూ చూడండి. బోర్డు మీది పరీక్ష మీట నొక్కి ఆర్‌సీసీబీ పడిపోతోందో లేదో చూడండి, తరువాత నెలకోసారి అలాగే చూస్తూ ఉండండి. గ్యాసు గొట్టం కొత్తది వేసి, దాని మీద ఉన్న గడువు తేదీని అల్మారా తలుపు లోపలి వైపు రాసిపెట్టండి. సబ్బు నురుగు రెగ్యులేటరు దగ్గరా పొయ్యి దగ్గరా పూసి బుడగలు రావడం లేదని రూఢి చేసుకున్నాక, వండేవారి చేతనే పాలు పొంగించండి.